మహిళల ఉపాధి పెరిగిందని చెప్పాలంటే దేన్ని కొలవాలి?

మాధురి_ఎం:
అందరికీ నమస్కారం. కాలక్రమంలో మహిళల ఉపాధి ఎంత పెరిగిందో చూపించే అధ్యాయం ఒకటి థీసిస్‌లో రాయాలి. ముఖ్యంగా భారతదేశం, పోలిక కోసం అమెరికా. పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ శ్రామిక శక్తి సర్వే) వార్షిక నివేదికల్లో 15 ఏళ్ళు, ఆపైన వయసున్న మహిళల శ్రామిక భాగస్వామ్య రేటు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. దీన్నే ఒక వ్యాసం "18 శాతం పెరుగుదల" అంటోంది, ఇంకొకటి "79 శాతం" అంటోంది. ఇంకా వెనక్కి వెళ్ళి 2004-05 చూస్తే అప్పుడే 42.7 ఉంది! అంటే అసలు పెరగనే లేదా? మా గైడ్ ఒక్క అంకె తేల్చి చెప్పమంటున్నారు. ఏది పట్టుకోవాలో తెలియట్లేదు.

లెక్కలమాస్టారు:
అమ్మా, ముందు సులువైన ముడి విప్పేద్దాం. 23.3 నుంచి 41.7కి వెళ్తే తేడా 18.4. దాన్ని "శాతం పాయింట్లు" అనాలి, ఉత్త "శాతం" అనకూడదు. ఆ 18.4ని 23.3తో భాగిస్తే సుమారు 79 శాతం వస్తుంది, అది సాపేక్ష పెరుగుదల. రెండూ సరైన లెక్కలే. మొదలు చిన్నదైతే సాపేక్ష పెరుగుదల ఎప్పుడూ ఘనంగా కనిపిస్తుంది. 5 నుంచి 10కి వెళ్ళినా "నూరు శాతం" అనేయొచ్చు. అందుకని మొదలు, చివర, తేడా మూడూ ఒకే వాక్యంలో రాయండి, చదివేవాళ్ళు తప్పుదారి పట్టరు.

ఇంకొకటి. మీరు చెప్పిన రేటులో పని చేస్తున్నవాళ్ళతో పాటు పని వెతుక్కుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. మీ అధ్యాయం ఉపాధి మీద కదా, అలాంటప్పుడు జనాభాలో పని చేస్తున్నవాళ్ళ నిష్పత్తి తీసుకోవాలి, డబ్ల్యూపీఆర్ అంటారే అది. మహిళలకు అది 22.0 నుంచి 40.3కి వెళ్ళింది.

రేటు వేరు, సంఖ్య వేరు అని కూడా గుర్తుంచుకోండి. వంద మందిలో ముప్పై మంది పనిలో ఉన్నారనుకోండి. కొన్నేళ్ళకు జనాభా నూట యాభై అయి, పనిలో ఉన్నవాళ్ళు నలభై అయితే సంఖ్య మూడో వంతు పెరిగినట్టు, రేటు మాత్రం 30 నుంచి 26.7కి దిగినట్టు. "ఇన్ని లక్షల మందికి కొత్తగా పని దొరికింది" అన్న ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే మెదులుతుంది.

మాధురి_ఎం:
చాలా థ్యాంక్స్ మాస్టారూ. ఇక 2004-05 సంగతి? 2011-12లో 31.2, తర్వాత 2017-18లో 23.3. ఏ ఏడాది నుంచి మొదలుపెడితే ఆ కథ వస్తోంది.

నిర్మల_కె:
మాధురి గారూ, మీరు పట్టుకున్నదే ఇందులో అసలు విషయం. మొదటి ఏడాదిగా దేన్ని తీసుకున్నామన్న దాన్ని బట్టే సగం జవాబు తేలిపోతుంది. 2017-18 ఆ వరుసలో అట్టడుగు. అక్కడ నిలబడి చూస్తే ఎటు చూసినా ఎత్తే. 2004-05లో నిలబడితే పెద్ద లోయ, మళ్ళీ పాత ఎత్తుకు చేరిక. రెండు బిందువులు కలిపి గీత గీయొద్దు, మధ్యలో ఉన్న సర్వేలన్నీ పెట్టండి.

అయితే ఆ గీత మీద కోతలున్నాయి. 2011-12 వరకూ ఉన్నవి సుమారు ఐదేళ్ళకోసారి జరిగిన ఎన్‌ఎస్‌ఎస్‌ఓ (జాతీయ నమూనా సర్వే సంస్థ) ఉపాధి సర్వేలు. 2017 జులై నుంచి పీఎల్‌ఎఫ్‌ఎస్. నిర్వచనాలు దాదాపు అవే గానీ కుటుంబాలను ఎంచుకునే పద్ధతి మారింది. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో ఇంట్లో పదో తరగతి, ఆపైన చదివినవాళ్ళు ఎంతమంది అన్నదాన్ని బట్టి కుటుంబాలను వర్గాలుగా విడదీస్తారు, పాత సర్వేల్లో అలా లేదు. 2025 జనవరి నుంచి మళ్ళీ శాంపిల్ డిజైన్ మార్చి నెలవారీ అంచనాలు ఇస్తున్నారు. ఈ రెండు చోట్లా గ్రాఫ్‌లో నిలువు గీత పెట్టండి. అతికించి ఒకే రేఖగా చూపిస్తే పరీక్షకులు అడగకపోయినా అది సరైన పని కాదు.

2019-20 మీద ప్రత్యేకంగా ఒక పేరా రాయండి. ఆ ఏడాది రేటు 24.5 నుంచి ఒక్కసారిగా 30.0కి ఎగిరింది. ఆ సర్వే సంవత్సరం 2019 జులై నుంచి 2020 జూన్ వరకు. చివరి మూడు నెలల్లో చాలాభాగం లాక్‌డౌన్ కాలం. కుటుంబ ఆదాయం పడిపోయినప్పుడు ఆడవాళ్ళు దొరికిన పనికి వెళ్ళడం, మగవాళ్ళు ఊళ్ళకు తిరిగొచ్చాక ఇంటి సాగులో అందరూ చేయి వేయడం, ఇవీ రేటును పైకే తోస్తాయి. రేటు పెరిగిన ప్రతిసారీ పరిస్థితి బాగుపడిందని అనుకోకూడదు.

సర్వేబాట:
నేను చాలా ఏళ్ళు ఇలాంటి సర్వేలకు ఇంటింటికీ తిరిగిన ఇన్వెస్టిగేటర్‌ని. గ్రాఫ్ దాకా రాకముందు గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చెప్పాలనిపించింది.

తలుపు తీసేది చాలాసార్లు ఇంటిపెద్ద. "మీ ఆవిడ ఏం చేస్తారండీ?" అంటే "ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటాడు. అక్కడితో రాసుకుని వస్తే ఆమెకు 92 కోడ్ పడుతుంది, అంటే ఇంటిపనులు మాత్రమే. ఇంకో ప్రశ్న వేసి "వంటచెరకు తేవడం, ఇంటి వాడకానికి బట్టలు కుట్టడం లాంటివి చేస్తారా?" అంటే 93. అదీ ఇంటిపనుల కిందే లెక్క, శ్రామిక శక్తి బయటే. ఇంకాస్త ఆగి "మీ పొలంలోకి వస్తారా? గేదెల్ని చూసేదెవరు? కొట్లో కూర్చునేదెవరు?" అని అడిగితే, "ఆ, అవన్నీ తనే కదా" అంటాడు. అప్పుడు 21, అంటే కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకురాలు. ఈ కోడ్ పడితే ఆమె "ఉపాధిలో ఉన్న మహిళ". అదే మనిషి, అదే రోజు, అదే పని. మారింది నా ప్రశ్న.

మగవాళ్ళ విషయంలో ఈ ఊగిసలాట ఇంచుమించు ఉండదు. అందుకే ప్రశ్నల మాట మారినా, శిక్షణ మారినా, జవాబిచ్చే మనిషి మారినా కదిలేది ప్రధానంగా ఆడవాళ్ళ అంకే.

జనాభా లెక్కల్లో దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1961లో కాస్త పని చేసినా పనివాళ్ళ కిందే రాశారు. 1971లో "ప్రధానంగా ఏం చేస్తారు" అని అడిగారు. ఇంటిపనితో పాటు పొలంపని చేసే ఆడవాళ్ళలో చాలామంది లెక్కలోంచి జారిపోయారు. దేశంలో మహిళా శ్రామికుల సంఖ్య సుమారు 6 కోట్ల నుంచి 3 కోట్ల చిల్లరకు పడిపోయింది. పదేళ్ళలో మూడు కోట్ల మంది పని మానేశారని ఎవరైనా నమ్ముతారా? 1991 నాటికి మహిళా సంఘాలు గట్టిగా అడిగితే, "సొంత పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనితో సహా" అన్న మాటలు ప్రశ్నలోనే చేర్చారు.

రఘు_డేటా:
సర్వేబాట గారు చెప్పింది కాదనను. కానీ దీన్నుంచి "2017-18 తర్వాత పెరిగిందంతా ప్రశ్నల మాయే" అని తేల్చేసేవాళ్ళను ఈ మధ్య ఎక్కువగా చూస్తున్నాను. అంత తొందర వద్దు. ఆ పెరుగుదలను ముక్కలు చేసి చూస్తే చాలా తెలుస్తుంది.

మొదట గ్రామాలు, పట్టణాలు. గ్రామీణ మహిళల రేటు 24.6 నుంచి 47.6. పట్టణాల్లో 20.4 నుంచి 28.0. రెండుచోట్లా పెరిగింది, కానీ బరువంతా పల్లె మీదే ఉంది.

తర్వాత పని స్వభావం. పనిలో ఉన్న మహిళల్లో స్వయం ఉపాధి వాటా 51.9 శాతం నుంచి 67.4కి పెరిగింది. నెలజీతం వాటా 21.0 నుంచి 15.9కి తగ్గింది. కూలిపని 27 నుంచి 16.7కి. ఇది చూసి చాలామంది "నెలజీతం ఉద్యోగాలు తగ్గిపోయాయి" అని రాసేస్తారు. వాటా తగ్గడం, ఉద్యోగం తగ్గడం ఒకటి కాదు. వాటాని మాస్టారు చెప్పిన డబ్ల్యూపీఆర్‌తో గుణించి చూడండి. (వాటాలు అన్ని వయసులవి, రేటు 15 ఏళ్ళు దాటినవాళ్ళది, కాబట్టి ఇది సుమారు లెక్కే. దిశ మాత్రం మారదు.)

2017-18లో ప్రతి వంద మంది మహిళల్లో పనిలో ఉన్నది 22 మంది. వాళ్ళలో నెలజీతం మీద ఉన్నవాళ్ళు 4.6, కూలికి వెళ్ళేవాళ్ళు 5.9, స్వయం ఉపాధిలో 11.4.
2023-24లో పనిలో ఉన్నది 40.3. నెలజీతం 6.4, కూలి 6.7, స్వయం ఉపాధి 27.2.

అంటే నెలజీతం ఉద్యోగాలు నిజంగానే కొంత పెరిగాయి, వందకు రెండుకి కాస్త తక్కువగా. కూలి దాదాపు అక్కడే ఉంది. మొత్తం 18.3 పాయింట్ల పెరుగుదలలో పదిహేనున్నరకు పైగా స్వయం ఉపాధి నుంచే వచ్చింది. "పెరిగిందా" అన్న ప్రశ్న కంటే "ఏం పెరిగింది" అన్నది ముఖ్యం. నన్నడిగితే మీ అధ్యాయానికి గుండెకాయ ఈ పట్టికే.

మాధురి_ఎం:
రఘు గారూ, ఈ గుణకారం నాకు తట్టలేదు. వాటాల పట్టిక మాత్రమే పెట్టి "నెలజీతం తగ్గింది" అని రాసి ఉంచాను. ఆ వాక్యం ఇప్పుడే తీసేశాను.

స్వేచ్ఛ:
ఆ 27.2లో ఎవరున్నారో కూడా విడదీయండి. "స్వయం ఉపాధి" అనగానే సొంత కుట్టుమిషన్, సొంత ఖాతా, సొంత సంపాదన ఉన్న మనిషి కళ్ళ ముందుకొస్తుంది. కానీ 2023-24లో పనిలో ఉన్న మహిళల్లో మూడో వంతుకు పైగా కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకులే, సర్వేబాట గారు చెప్పిన 21 కోడ్ వాళ్ళు. వాళ్ళ చేతికి రూపాయి రాదు.

వాళ్ళను లెక్కలోంచి తీసేయమని నేను అనను. ఎన్నో ఏళ్ళు పోరాడితే లెక్కలోకి వచ్చారు. వాళ్ళు లేకపోతే ఆ పొలమూ సాగదు, ఆ కొట్టూ నడవదు. కానీ వాళ్ళను చూపించి "మహిళలకు ఆర్థిక స్వాతంత్ర్యం పెరిగింది" అంటే ఒప్పుకోను. లెక్కలో ఉంచండి, వేరే గడిలో ఉంచండి.

ఇంటిపని సంగతి కూడా పక్కన పెట్టకండి. 2019లో దేశవ్యాప్తంగా తొలిసారి జరిగిన టైమ్ యూజ్ సర్వేలో (రోజులో ఏ పనికి ఎంత సమయం పోతుందో కొలిచేది), ఇంటిపని చేసినవాళ్ళ సగటు చూస్తే మహిళలు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024 సర్వేలో 289, 88. ఈ మధ్యకాలంలోనే కదా మహిళల ఉపాధి రేటు అంత పెరిగింది? ఇంటిపని తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళ వాటా పెరగకపోగా అదీ తొమ్మిది నిమిషాలు తగ్గింది. ఉపాధి గ్రాఫ్ పక్కన ఈ నాలుగు అంకెలూ పెట్టకపోతే సగం కథే చెప్పినట్టు.

రఘు_డేటా:
స్వేచ్ఛ గారూ, వేరే గడి అన్నదానితో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. దానికి అంతర్జాతీయ ఆధారం కూడా ఉంది. ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) ఆధ్వర్యంలో 2013లో జరిగిన 19వ కార్మిక గణాంకవేత్తల సదస్సు "పని" అన్నదాన్ని పెద్ద గొడుగుగా పెట్టి, అందులో "ఉపాధి"ని జీతం కోసమో లాభం కోసమో చేసే పనికే పరిమితం చేసింది. అమ్మడానికి కాక సొంత ఇంటి తిండికే పండించుకుంటే అది పనే గానీ ఉపాధి కాదు. 1982 నాటి 13వ సదస్సు నిర్వచనంలో అలాంటి సాగు కూడా ఉపాధి కిందికి వచ్చేది. భారత సర్వేల్లో ఇప్పటికీ సొంత వాడకానికి చేసే సాగు ఆర్థిక కార్యకలాపమే.

కానీ గమనించండి, కొత్త నిర్వచనం ప్రకారం కూడా సరుకు అమ్మే కుటుంబ వ్యాపారంలో సహాయకురాలు ఉపాధిలోనే ఉంటుంది. కుటుంబానికి లాభం వస్తోంది కాబట్టి. మీరు చెప్పిన సమస్య నిర్వచనం మారిస్తే తీరేది కాదు, విడగొట్టి చూపిస్తేనే తీరుతుంది.

స్వేచ్ఛ:
కొత్త నిర్వచనం మీద నాకున్న భయం వేరే. సొంత తిండి కోసం సాగు చేసే ఆడవాళ్ళు లక్షల్లో ఉన్న దేశాల్లో దాన్ని అమలు చేసిన మర్నాడే మహిళల ఉపాధి రేటు పడిపోతుంది. మళ్ళీ 1971 నాటి కథే. అసలు సదస్సు ఉద్దేశం ఆ పనిని మాయం చేయడం కాదు, వేరే పేరుతో పూర్తిగా కొలవడం. ఆచరణలో మొదటి పట్టిక అచ్చవుతుంది, రెండో పట్టిక ఎవరికీ కనబడదు.

రఘు_డేటా:
అందుకే నిర్వచనం మార్చే దేశం కొన్నేళ్ళపాటు రెండు పద్ధతుల్లోనూ అంకెలు ఇవ్వాలి. దేశాల మధ్య పోలిక కోసం ఐఎల్‌ఓ ఇచ్చే మోడల్ అంచనాలు పాత నిర్వచనం మీదే నడుస్తున్నాయి, కారణం ఇదే. మాధురి గారూ, భారత్, అమెరికా పక్కపక్కన పెట్టాలంటే ఆ వరుస వాడండి. దేశీయ నివేదికల అంకెలు నేరుగా పక్కపక్కన పెట్టకండి.

నిర్మల_కె:
అమెరికా వైపు కూడా ఇదే కథ నడిచింది. అక్కడి నెలవారీ సర్వేలో ఒకప్పుడు మొదటి ప్రశ్న "గతవారం ఎక్కువగా ఏం చేశారు" అన్నట్టు ఉండేది. ఎదురుగా ఆడవాళ్ళుంటే "ఇల్లు చూసుకున్నారా" అని కలిపి అడిగేవారు. 1994లో ప్రశ్నావళి మొత్తం మార్చారు. ఇంట్లో ఎవరికైనా వ్యాపారమో పొలమో ఉందా అని ముందే అడిగి, ఆ తర్వాత ప్రతి ఒక్కరి పని అడగడం మొదలుపెట్టారు. మార్చేముందు కొత్త ప్రశ్నలతో సమాంతరంగా ఇంకో సర్వే నడిపి తేడా ఎంత వస్తుందో చూశారు. ఏ దేశమైనా నేర్చుకోవలసిన పద్ధతి ఇది.

ఇంకా వెనక్కి వెళ్తే 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ పని ఉంది. పాత జనాభా లెక్కల్లో పెళ్ళైన ఆడవాళ్ళకు వృత్తి గడిలో "భార్య" అని రాసి వదిలేశారు. ఆమె ఇతర రికార్డులతో సరిచూసి లెక్క కడితే, 1890ల చివర్లో పెళ్ళైన మహిళల ఉపాధి రేటు సెన్సస్ చూపించిన దానికి దాదాపు మూడు రెట్లు తేలింది. దాంతో రెండు వందల ఏళ్ళ రేఖ ఆకారమే మారిపోయింది. అది నిరంతరం పైకెక్కే గీత కాదు. వ్యవసాయం నుంచి పరిశ్రమకు మారేటప్పుడు కిందికి దిగి, సేవారంగం పెరిగాక పైకి లేచే 'యు' ఆకారం. మొదటి బిందువు తప్పైతే సిద్ధాంతం మొత్తం తప్పుతుంది.

పద్మజ_పేరోల్:
ఒక సందేహం. సర్వేలు ఇంత గొడవైతే, ఈపీఎఫ్‌ఓ (ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ) పేరోల్ డేటా వాడొచ్చు కదా? 2017 సెప్టెంబర్ నుంచి నెలనెలా ఉంది, మహిళల లెక్క కూడా విడిగా ఇస్తారు.

రఘు_డేటా:
పనికొస్తుంది గానీ వేరే ప్రశ్నకు. అది సంఘటిత రంగంలోకి వచ్చిన ఖాతాల లెక్క, కొత్త ఉద్యోగాల లెక్క కాదు. చట్టం వర్తించేది సాధారణంగా 20 మంది ఉన్న సంస్థలకు. పందొమ్మిది మంది ఉన్న చోట ఇంకొకరు చేరితే డేటాలో ఒకరు కాదు, ఇరవై మంది కొత్తగా కనిపించవచ్చు. ఆ పందొమ్మిది మందీ నిన్న కూడా అదే పని చేస్తున్నారు. వాళ్ళకు పీఎఫ్ రావడం మంచి మార్పే, దాన్ని ఉద్యోగాల పెరుగుదల అనడం మాత్రం కుదరదు.

పద్మజ_పేరోల్:
అర్థమైంది. మానేసి మళ్ళీ చేరినవాళ్ళు కూడా అందులో కలుస్తారు, అది నేను రోజూ చూసేదే. ప్రసవం తర్వాత విరామం తీసుకుని వేరే కంపెనీలో చేరేవాళ్ళు చాలామంది ఉంటారు. ఈ డేటాని పక్క సాక్ష్యంగా వాడితే చాలు.

లెక్కలమాస్టారు:
అందరూ నిర్వచనాల మీదే ఉన్నారు, వయసు సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికాలో 16 ఏళ్ళు పైబడిన మహిళల భాగస్వామ్య రేటు 1999లో 60 శాతం తాకింది, తర్వాత మళ్ళీ ఆ ఎత్తు చేరలేదు. అది చూసి ఆడవాళ్ళు వెనక్కి తగ్గారనుకుంటారు. 25-54 వయసు వాళ్ళను మాత్రమే తీసుకుంటే 2023, 2024లో రేటు అంతకుముందెన్నడూ లేనంత ఎత్తుకు, 78 శాతం దరిదాపులకు వెళ్ళింది. ప్రధానంగా తగ్గించింది వృద్ధాప్యం. జనాభాలో పదవీ విరమణ వయసు వాళ్ళు పెరిగారు.

మన దగ్గర అదే సమస్య రెండో చివర ఉంది. 15 ఏళ్ళ నుంచి లెక్కిస్తే, ఆడపిల్లలు కాలేజీకి వెళ్ళడం పెరిగినకొద్దీ ఉపాధి రేటు తగ్గుతుంది. చదువుకోవడాన్ని నష్టం కింద ఎలా రాస్తాం? అందుకని 25-54 రేటు వేరుగా ఇవ్వండి. కుదిరితే ఒక స్థిరమైన వయసు పంపిణీ తీసుకుని అన్ని సంవత్సరాల రేట్లనూ దానికి సరిచేయండి, ఏజ్ స్టాండర్డైజేషన్ అంటారు. నాలుగు నిలువు వరుసల పట్టికతో అయిపోతుంది.

మాధురి_ఎం:
గంటల సంగతి ఏం చేయాలి? వారంలో ఒక్క గంట పని చేసినా ఉపాధిలో ఉన్నట్టే అని చదివి కంగారు పడ్డాను.

నిర్మల_కె:
ఒక గంట నియమం ఐఎల్‌ఓది, ప్రపంచమంతా వాడేదే. భారత సర్వేలో కరెంట్ వీక్లీ స్టేటస్ (గత వారం లెక్క) దాన్నే పాటిస్తుంది. మీరు చెప్పిన 41.7 మాత్రం యూజువల్ స్టేటస్. అందులో ఏడాది మొత్తం చూసి ప్రధాన పని, దానికి తోడు కనీసం 30 రోజులు చేసిన అనుబంధ పని రెండూ కలుపుతారు. ఆడవాళ్ళ విషయంలో ఈ అనుబంధ భాగం చాలా బరువైనది. అందుకే ప్రధాన పని మాత్రమే, రెండూ కలిపి, వారం లెక్క అని మూడు రేఖలు ఒకే గ్రాఫ్‌లో గీయండి. మూడూ కలిసి లేస్తే పెరుగుదల మీద నమ్మకం కుదురుతుంది. రెండోది మాత్రమే లేస్తే అంచున ఉన్న పని పెరిగిందన్నమాట.

గంటల పట్టిక విడిగా పెట్టండి. జపాన్ చూడండి, మహిళల ఉపాధి రేటు బాగా పెరిగింది, కానీ ఉద్యోగాల్లో ఉన్న మహిళల్లో సగానికి పైగా రెగ్యులర్ కాని కొలువుల్లోనే ఉన్నారు. నెదర్లాండ్స్‌లో రేటు చాలా ఎక్కువ, అక్కడ మహిళల్లో ఎక్కువమంది పార్ట్‌టైమ్. తలలు లెక్కపెడితే ఒక బొమ్మ వస్తుంది, గంటలు లెక్కపెడితే ఇంకొకటి.

మాధురి_ఎం:
సరే, ఇలా అనుకుంటున్నాను. ప్రధాన కొలమానం డబ్ల్యూపీఆర్, 25-54 వయసు. 2004-05 నుంచి అన్ని సర్వేలు, కోతలు పెట్టిన గ్రాఫ్. రఘు గారి పద్ధతిలో వందకు ఎందరు అన్న పట్టిక, అందులో జీతం లేని సహాయకులకు వేరే గడి. పక్కనే టైమ్ యూజ్ అంకెలు. అమెరికా పోలికకు ఐఎల్‌ఓ వరుస. గైడ్ గారు అడిగిన ఒక్క అంకె మాత్రం ఇవ్వలేను, ఈ పట్టికే చూపిస్తాను. ఇక యూనిట్ డేటా (ఒక్కో మనిషి జవాబులున్న సర్వే ఫైళ్ళు) దించుకుని వయసుల వారీగా నేనే లెక్కించాలి. జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

రఘు_డేటా:
2023-24 వరకు పీఎల్‌ఎఫ్‌ఎస్ వార్షిక అంకెలు మొదటి సందర్శన షెడ్యూళ్ళతోనే (ప్రశ్నావళులతోనే) కట్టారు. పట్టణాల్లో అదే ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్తారు, ఆ రీవిజిట్ ఫైళ్ళు కలిపేస్తే మీ అంకె నివేదికతో కలవదు. మొదట నివేదికలోని 41.7ని మీ కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో రాబట్టండి. అది సరిపోయాకే వయసుల వారీగా విడగొట్టండి. రాష్ట్రం, వయసు, పని స్వభావం అన్నీ ఒకేసారి విడగొడితే ఒక్కో గడిలో శాంపిల్ మరీ చిన్నదైపోతుంది. అక్కడ రెండు మూడు పాయింట్ల మార్పు శాంపిల్ ఊగిసలాటే కావొచ్చు, కాబట్టి స్టాండర్డ్ ఎర్రర్ (ఆ ఊగిసలాట ఎంతో చెప్పే కొలత) లెక్కించి పక్కన రాయండి.

సర్వేబాట:
షెడ్యూల్ కాగితం కూడా దించుకోండి మాధురి గారూ, దాంతోపాటు ఇన్వెస్టిగేటర్లకు ఇచ్చే సూచనల పుస్తకం. ఏ ఏడాది ఏ ప్రశ్న ఎలా అడిగారో అనుబంధంలో పెట్టండి. జవాబు ఎవరిచ్చారో, ఆమేనా, ఇంట్లో ఇంకెవరైనా చెప్పారా అన్న గడి కూడా ఫైల్‌లో ఉంటుంది. ఆమె స్వయంగా చెప్పిన ఇళ్ళను, వేరేవాళ్ళు చెప్పిన ఇళ్ళను విడదీసి ఉపాధి రేటు ఒకసారి కట్టి చూడండి. ఆ తేడా ఎంతో ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.